కనాత్ వయసైపోయి ఎండదు, పైన వేసిన బోర్లే ఎండగడతాయి

ఇరాన్‌లో గోనాబాద్, యజ్ద్ వైపు మట్టి ఇళ్ల పల్లెల ఫోటోలు కనిపిస్తే చాలు, "ఎంత అందమో" అని రాసేస్తున్నారు. సగటున ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడా పడని గోనాబాద్‌లో కుంకుమపువ్వు ఎలా పండుతోందని అడిగినవాళ్లు లేరు. ఆ పల్లెలను నిలబెట్టింది కనాత్, అంటే కొండ పాదంలోని భూగర్భజలాన్ని మోటారు లేకుండా వాలు మీదే పల్లెకు తెచ్చే నేల కింది సొరంగం.

కొండ పాదంలో నీరు తగిలేదాకా తల్లి బావి తవ్వుతారు. తర్వాత పల్లె వైపు నుంచి దానికి సొరంగం తవ్వుకుంటూ పోతారు, మనిషి వంగి నడిచేంత. మట్టి తీయడానికి, గాలి ఆడడానికి 20 నుంచి 50 మీటర్లకొక బావి. అసలు పనితనమంతా వాలులోనే ఉంది: వెయ్యి మీటర్లకు సుమారు మీటరు. ఎక్కువైతే నీటి వేగానికి అడుగు కోసుకుపోయి సొరంగం కూలుతుంది, తక్కువైతే పూడిక పడుతుంది. నేల గుల్లగా ఉన్నచోట కాల్చిన మట్టి ఒరలు దించుతారు. బావి చుట్టూ పోసిన మట్టి గట్టును చెత్తకుప్ప అనుకోకండి. వరద లోపలికి దిగకుండా కాపాడేది అదే. బహమనీల రాజధాని బీదర్‌లోనూ ఈ పద్ధతిలో తవ్విన కరేజ్ ఉంది, కనాత్‌కే అది మరో పేరు.

కనాత్ తన మట్టానికి పైనున్న నీటినే తీసుకుంటుంది, అంతకు మించి తోడలేదు. పక్కన లోతైన బోరు వేసి మోటారు పెడితే నీటిమట్టం సొరంగం కిందికి జారుతుంది. ఒక్క మీటరు జారినా చాలు, ధార ఆగిపోతుంది. పోనీ సొరంగాన్ని లోతు చేద్దామంటే నీరు బయటపడే చోటు పల్లె నేలకు కట్టుబడి ఉంది. దాన్ని కిందికి దించితే నీరు పొలానికి ఎక్కదు. తల్లి బావి అవతలికి ఇంకొంత తవ్వడం ఒక్కటే దారి, అదీ నీరు మిగిలి ఉంటేనే.

ఇరాన్‌లో 1962లో మొదలైన భూసంస్కరణల్లో రైతుకు భూమి దక్కడం న్యాయమే. కానీ అంతదాకా పూడికతీతకు డబ్బు పెట్టిన భూస్వామి తప్పుకున్నాక ఆ ఖర్చు ఎవరిదో తేలని పల్లెలెన్నో. అదే కాలంలో మోటార్లు దిగాయి.

2016లో యునెస్కో 11 కనాత్‌లను వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. మరి మిగతా వేలాది కనాత్‌ల మాటేమిటి? ఇళ్ల గోడలకు కొత్త పూత పూసి పర్యాటకులను పిలిచే ముందు ఆ డబ్బు పూడిక తీసే ముఖన్నీల కూలికి ఇవ్వాలి. చట్టం కొత్తగా రాయక్కర్లేదు. ఇరాన్ సివిల్ కోడ్ 138వ అధికరణం కనాత్‌కు అన్ని వైపులా మెత్తటి నేలలో 500 గజ్‌లు (గజ్ అంటే సుమారు ఒక మీటరు), గట్టి నేలలో 250 గజ్‌లు రక్షణ హద్దు పెట్టింది. అది చాలక నష్టం జరుగుతుంటే, నష్టం ఆగేంత దూరం హద్దు పెంచమని కూడా చెప్పింది. ముందు ఆ హద్దులోని బోర్లు మూయించండి.