నల్లగా ఉంటే బరువా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కు నా జవాబు

నిన్న పొద్దున అదే మెసేజ్ నాలుగోసారి వచ్చింది. మొదట మా ఆల్బమ్ డిజైనర్ పంపాడు, తర్వాత ఇద్దరు కస్టమర్లు, ఇప్పుడు మా బామ్మర్ది. "బావా, ఇన్నేండ్ల సంది ఫోటోలు దీస్తున్నవ్ గదా, ఇవన్నీ నీకు ఎర్కేనా?" అని కింద ఒక నవ్వు బొమ్మ. మెసేజ్ పేరు "ఫోటోలో బ్యాలెన్స్: ప్రొఫెషనల్స్ దాచిపెట్టే 7 రహస్యాలు". ఎవరు రాశారో లేదు. హనుమకొండలో ఇరవై ఏళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నాను, నేనైతే ఏమీ దాచలేదు. దాచుకునేంత రహస్యం ఇందులో ఉంటే నా లెన్స్ కిస్తీలు ఎప్పుడో తీరిపోయేవి.

మొదటి రహస్యం: "సబ్జెక్టును ఎప్పుడూ మధ్యలో పెట్టకూడదు. మూడో వంతు గీతలు కలిసే చోటే పెట్టాలి. కెమెరా పుట్టినప్పటి నుంచి ఉన్న శాస్త్రం ఇది."

ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి సమాన భాగాలు చేసే గీతలివి. కెమెరా ఫోటో తీయకముందే ఆ పేరు పుట్టింది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు "మూడో వంతు నియమం" అన్నాడు. ఆయన మాట్లాడింది ప్రకృతి చిత్రాల్లో నేల ఎంత, ఆకాశం ఎంత, వెలుగెంత, నీడెంత అనే పాళ్ల గురించి. మనిషిని గీతలు కలిసే చుక్క మీద నిలబెట్టమని కాదు. ఫోన్‌లో ఆ గీతలు నేనూ ఆన్ చేసుకుంటాను, ఎక్కువగా ఫ్రేము ఒంకర పోకుండా చూసుకోవడానికి. కానీ "ఎప్పుడూ" అన్నారు చూడండి, అక్కడే చిక్కు. ఖిలా వరంగల్ తోరణానికి ఎదురుగా నిలబడి పెళ్లికొడుకును మూడో వంతు గీత మీదకు జరిపితే, తోరణం ఒక కాలు ఎత్తినట్టు కనిపిస్తుంది. బతుకమ్మ పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, వెయ్యి స్తంభాల గుడి దగ్గర ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతుంటారు, నడుమ బతుకమ్మలుంటాయి. ఆ బతుకమ్మలను తీసుకెళ్లి గీత మీద పెడితే సగం మంది ఫ్రేము బయట ఆడుకోవాల్సిందే.

రెండోది: "పెద్ద వస్తువు బరువు, చిన్నది తేలిక." ఫోటోలో బరువంటే చూపును తనవైపు లాగడం. ఈ మాట సగం నిజం. ఎనుమాముల మార్కెట్‌లో కొండంత పత్తి కుప్ప ఫోటో తీయండి. దాని పక్కన చిన్నగా ఒక హమాలీ మనవైపు చూస్తుంటే చూపు ఎక్కడికి పోతుంది? మొహానికి, అందులోనూ కళ్లకు ఉన్న బరువు కుప్పకు లేదు. ఇంకోటి, వెనకటి కర్ర కాంటా గుర్తుందా? తాడు దగ్గర పెద్ద బస్తా, కర్ర చివరన చిన్న గుండు. చివరకు జరిపిన కొద్దీ ఆ చిన్న గుండే బస్తాను లేపుతుంది. ఫ్రేములోనూ అంతే. నడుమ ఉన్న పెద్దదాన్ని అంచున ఉన్న చిన్నది సరితూగించగలదు. మార్కెట్‌కు పోయిన రైతుకు ఇది చెప్పక్కర్లేదు.

ఇక మూడోది. అసలు నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "నలుపు రంగు ఫోటోలో బరువు. కాబట్టి గ్రూప్ ఫోటోలో నల్లగా ఉన్నవాళ్లను చివర్లో గానీ వెనక వరసలో గానీ నిలబెట్టాలి. లేదా ఎడిటింగ్‌లో మొహాలన్నీ ఒకే తెలుపుకు తేవాలి. అప్పుడే బ్యాలెన్స్ కుదురుతుంది."

మొదట లెక్క చూద్దాం. మెసేజ్ రాసినాయన అన్నట్టు నలుపే బరువనుకుందాం. మరి బరువును కాంటా చివరన పెడితే ఏమవుతుంది? ఇంకా ఎక్కువ లాగుతుంది. అంటే తన రహస్యం ప్రకారమే తను చెప్పిన చోటు అన్నిటికన్నా తప్పు చోటు. ఇంత చిన్న సంగతి తట్టలేదంటే బాధ బ్యాలెన్స్ గురించి కాదని అర్థమవుతూనే ఉంది.

అసలు నలుపుకు సొంతంగా బరువు లేదు, తెలుపుకూ లేదు. చుట్టూ ఉన్నదానికి భిన్నంగా ఏముంటే దానికే బరువు. సున్నం గోడ ముందు నల్ల గొడుగు బరువు. రాత్రి బరాత్‌లో తెల్ల చొక్కా బరువు. మన పెళ్లి స్టేజీ మీద అన్నిటికన్నా బరువైనది ఏది? వెనక కళ్లు బైర్లు కమ్మేలా మెరిసే ఎల్ఈడీ అక్షరాలు, చుట్టూ తెల్లటి థర్మోకోల్ స్తంభాలు. వాటిని పక్కకు జరపమని ఏ రహస్యమూ చెప్పదు. పెళ్లికూతురి మేనత్తను మాత్రం జరపాలి!

నల్లటి మొహం ఫోటోలో మసకబారడం నిజమే, దానికి కారణం వేరు. తెల్ల పంచెలు, తెల్ల స్టేజీ చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు "వెలుతురు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. మొహాన్ని బట్టి అర స్టాపో ఒక స్టాపో పెంచాలి (ఒక స్టాపు పెంచడమంటే వెలుతురు రెట్టింపు చేయడం). ఫ్లాష్‌ను సూటిగా కొట్టకుండా పక్క నుంచి ఇవ్వాలి. అదీ లేకపోతే అసిస్టెంట్ చేతికి ఒక థర్మోకోల్ షీట్ ఇచ్చి వెలుతురు మళ్లించాలి. రెండు నిమిషాల పని. ఫిల్మ్ రీలు రోజుల్లో ఇది ఇంకా కష్టంగా ఉండేది, ఆ తప్పు కూడా మొహాలది కాదు. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి ఫిల్మ్ కంపెనీ కొడాక్ ఇచ్చిన కార్డు మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉండేది, షర్లీ కార్డు అనేవాళ్లు. దశాబ్దాల పాటు ఆమె చర్మం బాగా వస్తే రంగులు బాగున్నట్టే. తమ సరుకు గోధుమ రంగులు సరిగా రావట్లేదని ఫర్నిచర్, చాక్లెట్ కంపెనీలు గొడవ చేశాక ఆ రంగుల మీద పని మొదలైందని కొడాక్‌లో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. మనుషుల కోసం కదలలేదు, చాక్లెట్ కోసం కదిలారు.

రామప్పకు పోయినవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, ఒళ్లంతా ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద మదనికలు, అంటే చెక్కిన ఆడవాళ్ల బొమ్మలు, మాత్రం నున్నటి నల్లరాయి. చూపు ముందు అక్కడికే పోతుంది, పోవాలనే అట్లా పెట్టారు. మెసేజ్ రాసినాయన అప్పుడు ఉండుంటే వాళ్లను గుడి వెనక్కు పంపేవాడు, లేదా సున్నం కొట్టించేవాడు.

ఇంత మాట్లాడుతున్నాను కదా, నా సంగతీ చెప్పాలి. మొదట్లో నేనూ ఇదే చేశాను. పరకాల దగ్గర ఒక పల్లెలో పెళ్లి. పెళ్లికూతురి చెల్లెలిని "అమ్మా, నువ్వు జర ఆ చివరకు జరుగు" అన్నాను. ఆల్బమ్‌లో ఆ అమ్మాయి మొహం తెల్లగా చేశాను, అడగకుండానే. ఆల్బమ్ ఇవ్వడానికి పోతే ఆ అమ్మాయే పేజీలు తిప్పింది. గ్రూప్ ఫోటో దగ్గర ఆగి, "అన్నా, ఇండ్ల నేనేది?" అంది. వేలు పెట్టి చూపించాను. ఇంకేం అనలేదు, పేజీ తిప్పేసింది.

మిగిలినవి తొందరగా కానిస్తాను, ఓపిక అయిపోయింది.

నాలుగోది: "కాకతీయ శిల్పులు 1.618 అనే గోల్డెన్ రేషియో వాడారు." గోల్డెన్ రేషియో అంటే అందానికి కొలమానమని చెప్పే ఒక పాళ్ల లెక్క. మన శిల్పశాస్త్రంలో కొలత తాళం. ఒక తాళానికి పన్నెండు అంగుళాలు (ఇంచులు కావు, శిల్పుల లెక్క), తొమ్మిది తాళాల నవతాళ విగ్రహానికి 108. అన్నీ పూర్తి సంఖ్యలే. వాళ్ల లెక్క వాళ్లకుంది, మనం అరువిచ్చే అవసరం లేదు.

ఐదోది: "ఖాళీ జాగా దండగ, కట్ చేయండి." ప్లాట్లు అమ్మేవాళ్లెవరో రాసినట్టుంది. లక్నవరం చెరువులో పడవ ఒక మూలకు ఉండి మిగతాదంతా నీళ్లుంటే, ఆ నీళ్లు కూడా తూకంలో ఒక వైపు ఉన్నట్టే. పెళ్లికూతురు కుడివైపు చూస్తుంటే కుడివైపు జాగా ఉండాలి. చూపుకూ బరువుంది. కత్తిరిస్తే ఆమె గోడకేసి చూస్తున్నట్టుంటుంది.

ఆరోది: "కన్ను ఎడమ నుంచి కుడికి పోతుంది, కాబట్టి సబ్జెక్టు ఎడమవైపే ఉండాలి." కాజీపేట దర్గా దగ్గర ఉర్దూ చదివే పెద్దమనిషికి చెప్పి చూడండి.

ఏడోది: "ఫోటోను తలకిందులుగా తిప్పి చూడండి, బ్యాలెన్స్ తప్పిన చోటు తెలుస్తుంది." దీన్ని కూడా ఎగతాళి చేద్దామనే కూర్చున్నాను. కానీ ఇది కరెక్టు. చిత్రకారులు ఎప్పటి నుంచో చేసే పని. తలకిందులైతే ఇది మొహం, ఇది చెట్టు అని మనసు పేర్లు పెట్టడం తగ్గిస్తుంది, ఉత్త వెలుగూ నీడా ఆకారాలే కనిపిస్తాయి. మెసేజ్‌ను తిట్టాలంటే ముందు పరీక్షించాలి కదా అని మా స్టూడియో గోడకున్న పాకాల చెరువు ఫోటోను ఫోన్‌లో తెరిచి తిప్పాను. సాయంత్రపు నీళ్లు, గట్టు మీద ఒక గొర్లకాపరి. ఎనిమిదేళ్లుగా వచ్చినవాళ్లందరికీ చూపించుకునే ఫోటో. తిప్పగానే ముందు కనిపించింది కాపరి కాదు, ఒక మూలన తెల్లగా మెరుస్తున్న ప్లాస్టిక్ కవరు.

బామ్మర్దికి "ఏడోది కరెక్టే" అని జవాబు పెట్టాను. కారణం మాత్రం చెప్పలేదు. ఫ్రేము ఇంకా గోడకే ఉంది, ఆ మూల కనబడకుండా క్యాలెండర్ తగిలించాను.