చౌక పిస్టల్‌కు పూచీ ఎవరిది?

అమెరికాలో ఇప్పుడు 250, 300 డాలర్లకు కొత్త సెమీ ఆటోమేటిక్ పిస్టల్, అంటే ఒక తూటా పేలగానే తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే పిస్టల్, దొరుకుతుంది. టారస్ కంపెనీ జీ2సీ, జీ3సీ మోడళ్లు ఈ వరుసలో ముందుంటాయి. కొత్తగా కొన్నవాళ్లను కదిలిస్తే వచ్చే మాటలు దాదాపు ఒకటే. చేతిలో బాగా ఇమిడింది. ట్రిగ్గర్ కాస్త దూరం లాగాలి గానీ అలవాటైపోతుంది. మొదటి రెండు పెట్టెల తూటాలు కాల్చేటప్పుడు ఒకటి రెండు సార్లు తూటా ఇరుక్కుంది గానీ తర్వాత ఇబ్బంది లేదు. ఈ ధరకు ఇంతకన్నా ఏం కావాలి? నాకు కోపం తెప్పించేది ఆ మూడో మాట. ప్రాణం కాపాడుతుందని చెప్పి అమ్మిన యంత్రం అసలు పనిచేస్తుందా లేదా అని తేల్చే బాధ్యతను కొన్నవాడి మీదకు నెట్టేశారు. అదేదో సహజమైన విషయమైనట్టు అందరూ ఒప్పేసుకున్నారు. నా ఫిర్యాదు కొన్నవాడి మీద కాదు, తనిఖీ చేసే అధికారాన్ని చేజేతులా వదులుకున్న ప్రభుత్వం మీద.

చౌక కాబట్టి నాసిరకం అనే వాదన నాది కాదు. జీ3సీ సంగతే చూడండి. 3.2 అంగుళాల బ్యారెల్, పాలిమర్ ఫ్రేము, మ్యాగజైన్‌లో 12 తూటాలు, ఆరు వందల గ్రాములు దాటి కొద్దిగా బరువు. తూటా అంటుకోకపోతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ జరిగే లోహపు భాగం) లాగనక్కరలేదు, ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ రెండోసారి కొడుతుంది. ఇంతకు రెట్టింపు ధర పెట్టిన చాలా పిస్టళ్లలో ఈ వెసులుబాటు లేదు. 1939లో బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రెలో మొదలైన ఈ కంపెనీ అమెరికాలో తన కర్మాగారాన్ని 2019లో మయామీ నుంచి జార్జియా రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్‌కు మార్చింది. తక్కువ ధరకు మంచి సరుకు తయారు చేయవచ్చని చెప్పడానికి వీళ్ల దగ్గర ఆధారాలున్నాయి.

పైగా చౌక పిస్టల్ కొనేవాడి అవసరం నిజమైనది. రాత్రి షిఫ్టులో గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక నిలబడేవాళ్లు, చిన్న కిరాణా దుకాణం నడుపుకునేవాళ్లు వెయ్యి డాలర్ల ఆయుధం కొనలేరు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్ హత్య తర్వాత అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ తుపాకీ మాట వినిపించడం మొదలైంది. హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప తుపాకీ కొనడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఆ అడ్డు లేదు. కాబట్టి ఇది మనకు సంబంధం లేని గొడవ కాదు.

డాలస్ శివార్లలో దుకాణం నడిపే ఒక పరిచయస్తుడు కొత్త పిస్టల్ కొన్నాక నన్ను వెంటబెట్టుకుని తుపాకీ సాధన చేసే రేంజ్‌కు వెళ్లాడు. మొదటి మ్యాగజైన్ సాఫీగా అయిపోయింది. రెండోది సగంలో ఉండగా స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా ఆగిపోయింది. పైకి లేచిన తూటా మొన చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) జారకుండా దాని కింది అంచుకు గుచ్చుకుని నిలబడింది. అతను బొటనవేలితో స్లైడ్‌ను ముందుకు నెట్టబోతే రేంజ్ ఉద్యోగి ఆపి, మ్యాగజైన్ తీయించి, స్లైడ్ లాగించి, చాంబర్‌లో వేలు పెట్టి ఖాళీ అని చూసుకోమన్నాడు. ఆ తర్వాత తాపీగా, కంగారేమీ లేదు, కొత్తది కదా, ఇంకో రెండు మూడు పెట్టెలు కాలిస్తే సర్దుకుంటుంది అన్నాడు. మావాడు నా వైపు తిరిగి, “అన్నా, ఆ రెండు మూడు పెట్టెలు కాల్చకముందే దొంగ వస్తే?” అన్నాడు.

దీనికి జవాబు చెప్పాల్సింది ఆ ఉద్యోగి కాదు. అతను చెప్పింది ఆ రంగంలో అందరూ చెప్పేదే. కొన్ని కంపెనీలైతే మొదటి 200 తూటాలు కాల్చే దాకా పిస్టల్‌ను నమ్ముకోవద్దని మాన్యువల్‌లోనే రాస్తాయి. 50 సాధన తూటాలుండే పెట్టె 15 డాలర్లనుకున్నా 200 తూటాలకు 60 డాలర్లవుతుంది. అంటే 250 డాలర్ల పిస్టల్ మీద దాదాపు నాలుగో వంతు అదనపు ఖర్చు. ఆ పరీక్ష కర్మాగారంలో జరిగి ఉంటే ఖర్చు కంపెనీది, జీతం తీసుకునే నిపుణుడి శ్రమ. ఇప్పుడు ఖర్చూ శ్రమా కొన్నవాడివే, దానితోపాటు ప్రమాదం కూడా. దాన్ని అనుభవం అంటూ తోటివారికి చెప్పుకుంటూ, కంపెనీకి కావలసిన ప్రచారాన్ని కూడా అతనే చేసిపెడుతున్నాడు.

ఇలా ఉండనక్కరలేదు. లండన్ తుపాకీ తయారీదారుల సంఘానికి 1637లోనే రాజశాసనం వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో తుపాకులను పరీక్షించే ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాను ప్రతి తుపాకీలో కాల్చి, తట్టుకున్నదాని మీదే ముద్ర వేస్తారు. ముద్ర లేనిది అమ్మితే నేరం. ఐరోపాలో పలు దేశాలు 1914 నుంచి ఒక ఉమ్మడి కమిషన్ ద్వారా ఇదే పద్ధతి నడుపుతున్నాయి. అమెరికా అందులో సభ్యదేశం కాదు. అక్కడ ప్రమాణాలు రాసేది 1926లో పుట్టిన తయారీదారుల సంఘం, వాటిని పాటించడం కంపెనీల ఇష్టం.

అసలు దారుణం అమెరికా వినియోగదారుల చట్టంలో ఉంది. 1972లో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఏర్పడినప్పుడు తుపాకులను దాని పరిధి నుంచి తప్పించారు. 1976లో సవరణ తెచ్చి, తుపాకులు, తూటాల విషయంలో ఆ కమిషన్ ఏ నిబంధనా చేయరాదని మరింత స్పష్టంగా రాసుకున్నారు. ఆల్కహాల్, పొగాకు, ఆయుధాల బ్యూరో లైసెన్సులు చూస్తుంది, నేరం జరిగితే తుపాకీ ఎవరిదో ఆరా తీస్తుంది. దేశంలో తయారైన పిస్టల్ కింద పడితే పేలుతుందా అని అడిగే అధికారం దానికీ లేదు. 1968 తుపాకీ నియంత్రణ చట్టం కింద దిగుమతి పిస్టళ్లకు కొలతలూ వగైరా చూసి మార్కులు వేస్తారు. అదే డిజైన్‌ను అమెరికాలో తయారు చేస్తే ఆ మార్కులు కూడా అక్కర్లేదు.

పిల్లల బొమ్మ తుపాకీ అయితే కథ వేరు. దాని మొనకు నారింజ రంగు గుర్తు ఉండాలని సమాఖ్య చట్టం చెబుతుంది. బీబీ గుళ్లు కాల్చే ఎయిర్ గన్ కూడా ఆ కమిషన్ కిందికే వస్తుంది. 2001లో ఆ కమిషన్ డైసీ అనే కంపెనీ మీద కేసు పెట్టింది. గుళ్లు మ్యాగజైన్‌లో ఇరుక్కుపోతున్నాయని, ఖాళీ అనుకున్న తుపాకీ అందువల్ల పేలుతోందని దాని ఆరోపణ. ఖాళీ అనుకున్న తుపాకీ పేలడం, నిజమైన పిస్టళ్లతో జరిగే ప్రమాదాల్లో ఇదే అన్నింటికన్నా పాత కథ. మ్యాగజైన్ తీసేస్తే తుపాకీ ఖాళీ అయిందనుకుంటారు, చాంబర్‌లో ఒక తూటా ఉండిపోతుంది. గ్లాక్, జీ3సీ తరహా పిస్టళ్లను శుభ్రం చేయడానికి విడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. చాంబర్ చూసుకోవడం మరిచిన ఆ ఒక్క క్షణంలో ప్రాణం పోవచ్చు. తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి మన విద్యార్థి చనిపోయాడన్న వార్త కూడా చదివాం. ఎయిర్ గన్‌లో ఇరుక్కున్న గుళ్ల మీద కేసు పెట్టగల కమిషన్, 9 ఎంఎం పిస్టల్ డిజైన్ మీద ఒక్క ఉత్తరం కూడా రాయలేదు!

టారస్ పాత మోడళ్ల కేసు దీనికి నిలువెత్తు సాక్ష్యం. 2013లో అయోవాలో ఒక డిప్యూటీ షెరిఫ్ అనుమానితుణ్ణి తరుముతుండగా నడుము దగ్గరి ఒరలోంచి పిస్టల్ జారి నేల మీద పడి పేలింది. తూటా ఆగి ఉన్న కారుకు తగిలింది కాబట్టి సరిపోయింది. ఆయన కోర్టుకు వెళ్లాకే విషయం కదిలింది. 2015లో కుదిరిన ఒప్పందం పీటీ-111 మిలీనియం, పీటీ-140, 24/7 సహా తొమ్మిది మోడళ్లకు, దాదాపు 10 లక్షల పిస్టళ్లకు వర్తించింది. తిరిగి ఇచ్చినవారికి 200 డాలర్ల వరకు చెల్లించడానికి, లేదంటే బాగుచేసి ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. లోపాన్ని మాత్రం ఒప్పుకోలేదు. 10 లక్షల పిస్టళ్ల లోపం సంగతి తేల్చడానికి ఒక పోలీసు ఒరలోంచి ఒకటి జారిపడాల్సి వచ్చింది, ఆపైన న్యాయవాదులు కావలసి వచ్చారు. ఈ జబ్బు చౌక సరుకుదే అనుకోవద్దు. అమెరికా సైన్యం 2017 జనవరిలో ఎంచుకున్న ఖరీదైన పిస్టల్ సిగ్ పీ320, దాని పౌర మోడల్ మీదా అదే ఏడాది కింద పడితే పేలుతోందన్న గొడవ వచ్చింది. ఆగస్టులో కంపెనీ తనంతట తానే ఉచితంగా భాగాలు మారుస్తానంది. మార్చనని మొండికేసి ఉంటే ఆదేశించే సమాఖ్య సంస్థ ఏదీ లేదు.

కాలిఫోర్నియా రాష్ట్రం ఈ ప్రశ్నకు సరైన జవాబు వెతికింది. 1999లో చేసి 2001లో అమలుచేసిన చట్టం ప్రకారం, ఒక మోడల్‌లో మూడు పిస్టళ్లను పరీక్షకు ఇవ్వాలి. ప్రతిదాన్నీ మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు పలక మీద ఆరు రకాలుగా పడేస్తారు, ఒక్కసారి కూడా పేలకూడదు. 600 తూటాలు కాలుస్తారు. మొదటి 20 తూటాల్లో ఒక్క తడబాటూ ఉండకూడదు, మొత్తం మీద ఆరుకు మించకూడదు. ఆ మొదటి 20 తూటాల నిబంధన రాసినవారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. డాలస్ రేంజ్‌లో మావాడు అడిగిన ప్రశ్న సరిగ్గా అదే. ఆ పరీక్ష పిస్టల్ ధర అడగదు, పనితీరు అడుగుతుంది.

ఎదుటి వాదన తేలిగ్గా కొట్టేయదగినది కాదని తెలుసు. నాణ్యత పేరుతో వచ్చిన నియమాలు పేదవాడి చేతిలోంచి ఆత్మరక్షణను లాక్కుంటాయని వారి భయం. కాలిఫోర్నియాయే అందుకు ఉదాహరణ ఇచ్చింది. 2013లో, కాల్చిన ప్రతి తూటా ఖాళీ తొడుగుపై ఆ తుపాకీ గుర్తు అచ్చు పడాలన్న షరతును అమలులోకి తెచ్చేసరికి కొత్త సెమీ ఆటోమేటిక్ మోడళ్లు ఆ రాష్ట్ర జాబితాలో చేరడం దాదాపు ఆగిపోయింది, 2023లో ఫెడరల్ న్యాయమూర్తి జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఆ షరతు తప్పే. కానీ పడేసి చూసే పరీక్షకూ దానికీ సంబంధం లేదు. పనిచేయని పిస్టల్‌తో ఆత్మరక్షణ జరగదు కాబట్టి, పేదవాడి హక్కును నిజంగా గౌరవించేవాళ్లే ఈ పరీక్షను ముందుగా అడగాలి.

నా ఆవేదన తుపాకీ దగ్గరే ఆగదు. కొన్నవాడినే పరీక్షకుడిగా మార్చే ఈ పద్ధతి అన్ని సరుకుల్లోకీ పాకుతోంది. నక్షత్రాల రేటింగు తనిఖీ స్థానంలో కూర్చుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, ఆ వెంటనే విజయవాడలో ఇళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ బండ్లకు కొన్నవాళ్ల మెచ్చుకోళ్లు అప్పటికే బోలెడున్నాయి. మైలేజీ, పికప్పు, ధర అన్నీ రాశారు. బ్యాటరీ లోపలి గడిని ఎవరు విప్పి చూడగలరు? అయితే మన దగ్గర ఒక తేడా ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో లోపమున్న బండ్లను వెనక్కి రప్పించే అధికారం కేంద్రానికి వచ్చింది. నిపుణుల కమిటీ వేశారు, కొన్ని కంపెనీలు బండ్లను వెనక్కి పిలిచాయి, బ్యాటరీ ప్రమాణాలను ఆ ఏడాది డిసెంబరు నుంచి దశలవారీగా కఠినం చేశారు. ఆలస్యంగానే కావచ్చు, ప్రభుత్వం చేయి కదిలింది. వంటింటి ప్రెషర్ కుక్కర్‌కే ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేసిన దేశం మనది. ఇదే టారస్ కంపెనీ జిందాల్ సంస్థతో కలిసి హర్యానాలోని హిసార్‌లో ఆయుధాల కర్మాగారం పెట్టింది. అక్కడ తయారయ్యే పిస్టళ్లకు ఒత్తిడి పరీక్షతో సరిపెట్టకుండా, కాంక్రీటు మీద పడేసే పరీక్షనూ మొదటి 20 తూటాల నియమాన్నీ ఇప్పుడే చేర్చాలి. పిస్టళ్లు పెద్దసంఖ్యలో బయటికొచ్చాక చేర్చడం ఎంత కష్టమో అమెరికా చూపిస్తూనే ఉంది.

అమెరికా కాంగ్రెస్ చేయవలసింది 1972 నాటి ఆ మినహాయింపునూ 1976 నాటి ఆ సవరణనూ ఎత్తేయడం. ఒప్పందం కుదిరి ఇన్నేళ్లయినా ఆ తొమ్మిది మోడళ్లలో బాగుచేయించని పిస్టల్ ఒకటి ఏ తాకట్టు దుకాణం అద్దాల వెనకైనా ఉండవచ్చు. నూట యాభై డాలర్లకు దాన్ని కొనేవాడికి, ఇది కింద పడితే పేలుతుందన్న కేసు ఒకటి నడిచిందని చెప్పి తీరాలనే సమాఖ్య చట్టం ఈ రోజుకీ లేదు.