ఊడిన గొట్టాన్ని గుడ్డిగా తోయొద్దు

ట్రకియోస్టమీ (ఊపిరి కోసం మెడకు రంధ్రం చేసి శ్వాసనాళంలో గొట్టం పెట్టే ఆపరేషన్) సజావుగా ముగిసి రోగి థియేటర్ దాటితే గండం గట్టెక్కినట్టేనన్న భావన ప్రమాదకరం. మొదటి వారంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. రోగిని పక్కకు తిప్పేటప్పుడో, దగ్గుతెర వచ్చినప్పుడో గొట్టం జారుతుంది. లోపలి దారి ఇంకా గట్టిపడదు కాబట్టి వెంటనే మూసుకుపోతుంది. కంగారులో గొట్టాన్ని మళ్లీ తోస్తే శ్వాసనాళంలోకి కాక దాని ముందున్న కండలోకి దిగుతుంది. పైకి అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. వెంటిలేటర్ గాలి మాత్రం చర్మం కింద చేరి మెడ, ముఖం ఉబ్బుతాయి. వేలితో నొక్కితే కరకరమంటుంది.

ఈ తప్పును తొందరగా పట్టించేది క్యాప్నోగ్రాఫ్, అంటే వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి చూపే పరికరం. తెరమీద కార్బన్ డయాక్సైడ్ అల లేదంటే, వేరే రుజువు దొరికేదాకా గొట్టం నాళంలో లేదనే అనుకోవాలి. వెంటిలేటర్ రోగులకు ఈ పరికరం వాడకపోవడం, ఐసీయూలలో శ్వాసమార్గ ప్రమాదాల మరణాల్లో 70 శాతానికి పైగా కారణమై ఉండొచ్చని బ్రిటన్‌లో 2011లో వెలువడిన జాతీయ ఆడిట్ తేల్చింది. అయినా దాన్ని థియేటర్‌కే పరిమితం చేయడం క్షమించరానిది.

ఊపిరి ఆడకపోతే సాయం పిలిచి, ముఖానికీ మెడ రంధ్రానికీ రెండింటికీ ఆక్సిజన్ పెట్టాలి. గొట్టం లోపల అమర్చే విడి గొట్టాన్ని తీసి, సక్షన్ క్యాథెటర్ (కఫం పీల్చే సన్నని గొట్టం) దిగుతుందేమో చూడాలి. దిగకపోతే కఫ్‌లో, అంటే గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగలో, గాలి తీయాలి. అప్పటికీ మెరుగవకపోతే గొట్టం తీసేసి, రంధ్రాన్ని మూసి, నోటి మీద మాస్కుతో ఊపిరి ఇవ్వాలి. అయితే స్వరపేటిక పూర్తిగా తీసేసిన రోగికి నోటి నుంచి ఊపిరితిత్తులకు దారే ఉండదు. ఆక్సిజన్ రంధ్రం ద్వారానే అందాలి. ఏ రోగి ఏ రకమో తలాపున బోర్డు రాసి ఉండాలని మేం పట్టుబట్టేది ఇందుకే. అదే సైజు గొట్టం ఒకటి, అంతకన్నా చిన్నది ఇంకొకటి మంచం పక్కనే ఉండాలి.

కఫ్ పీడనాన్ని వేలితో నొక్కి అంచనా వేసే అలవాటు మానాలి. గేజితో కొలిచి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉంచాలి. పెరిగితే నాళం గోడకు రక్తం అందక పుండు పడుతుంది, తర్వాత నాళం ఇరుకవుతుంది. ఆ కోత ఒక్కోసారి ముందున్న పెద్ద ధమని దాకా పోతుంది. మొదటి మూడు నాలుగు వారాల్లో కాస్త ఎర్రటి రక్తం వచ్చి ఆగిపోతే, సక్షన్ గీరుకుందిలే అని వదిలేయొద్దు; ఆ రోజే సర్జన్ వచ్చి చూడాలి. ధారగా కారితే కఫ్‌ను ఇంకా ఉబ్బించి, ఆ ఒత్తిడితోనే రోగిని థియేటర్‌కు తరలించాలి.