రూంతో పాటు ఫ్రీగా వచ్చిన టిఫిన్‌కు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాంప్లిమెంటరీ బ్రేక్‌ఫాస్ట్ గారికి,

హన్మకొండలో మీ నీడన ఒక రాత్రి ఉండి వెళ్ళిన నిజామాబాద్ దంపతుల్లో ఆడమనిషి నమస్కరించి వ్రాయునది. మేము ఇక్కడ క్షేమం. మీరు అక్కడ స్టీలు మూతల కింద వెచ్చగా ఉన్నారని తలుస్తాను.

మేం మీకు గుర్తుండకపోవచ్చు. మార్చి నెలాఖరులో ఒక శనివారం, ఆర్మూర్, జగిత్యాల, కరీంనగర్, హుజూరాబాద్ మీదుగా కారులో వచ్చాం. మర్నాడు రామప్ప, అక్కడి నుంచి భద్రాచలం. మధ్యలో ఓరుగల్లుకు మిగిలింది ఒక సాయంత్రం, ఒక పొద్దున. సాయంత్రం మీరు లేరు కాబట్టి బాగా గడిచింది.

ముందు డబ్బుల సంగతి తేల్చుకుందాం. రూం బుక్ చేసేటప్పుడు మా ఆయనకు రెండు రేట్లు కనిపించాయి. టిఫిన్ లేకుండా ఒకటి, టిఫిన్‌తో కలిపి దానికన్నా 600 ఎక్కువ. ఆ 600 కట్టేసి వచ్చి, "టిఫిన్ ఫ్రీ అట" అన్నారు. ఆయన బ్యాంకులో పనిచేస్తారు.

ఆ సాయంత్రం కోటకు వెళ్ళాం. గణపతిదేవుడు మొదలుపెట్టిన కోటను కూతురు రుద్రమదేవి పూర్తి చేసిందని చిన్నప్పుడు చదువుకున్నాం. మట్టి గోడ దాటితే రాతి గోడ, దాని లోపల ఇళ్ళు, బర్రెలు, ఆరేసిన బట్టలు, ఇవన్నీ దాటాక ఉన్నట్టుండి తోరణాలు. నాలుగు దిక్కులా నాలుగు. అవి కాసుకున్న స్వయంభూ గుడి ఎప్పుడో కూలిపోయింది, చెక్కిన రాళ్ళు నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఏనుగు ఇక్కడ, దాని తొండం అక్కడ. రాష్ట్ర చిహ్నంలో గోరంత చూసి అలవాటైన తోరణం ఎదురుగా నిలబడితే మెడ వెనక్కి వంచాల్సి వచ్చింది. పైన రెండు కొసల్లో హంసలు. మా ఆయన ఒక రాతి మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో, మ్యాచ్ చివరి ఓవర్లో తప్ప, ఆయన్ని అంత నిశ్శబ్దంగా చూడటం అదే మొదలు.

అక్కడే అనుకున్నాం. పొద్దున ఆరింటికల్లా వేయి స్తంభాల గుడి, తర్వాత భద్రకాళి చెరువు కట్ట మీద నడక, దోవలో ఏదో బండి మీద వేడిగా తినేసి తొమ్మిదింటికి ములుగు రోడ్డెక్కడం.

కానీ రాత్రి రిసెప్షన్‌లో మీ కూపన్లు రెండు చేతికొచ్చాయి. 7.30 నుంచి 10 వరకు అని ఉంది వాటి మీద. మా ఆయన వాటిని పర్సులో ఆధార్ కార్డు పక్కన దాచుకున్నారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఐదున్నరకు తలస్నానం చేసి నేను రెడీ. దుప్పట్లోంచి జవాబు వచ్చింది: "గుడి ఎనిమిది వందల ఏండ్ల సంది ఆడనే ఉంది, ఎటూ పోదు. టిఫిన్ పదింటికి బంద్ అయితది."

మీ మూతలు ఎనిమిదింటికి గానీ లేవలేదు. ఇడ్లీ, వడ, పొంగలి, ఉప్మా, పూరీ, బొప్పాయి ముక్కలు, కార్న్‌ఫ్లేక్స్. బ్రెడ్డు కాల్చే ఆ మిషన్ సంగతి వేరే చెప్పాలి. ఒకసారి పంపితే బ్రెడ్డు వెళ్ళింది వెళ్ళినట్టే తెల్లగా తిరిగొస్తుంది, రెండోసారి పంపితే బొగ్గవుతుంది. ఇంట్లో రెండు ఇడ్లీలతో లేచే మనిషి, మీ దగ్గర మొండి బాకీ వసూలుకు కూర్చున్నట్టు కూర్చున్నారు. మూడో పూరీ తుంచుతూ, "నాలుగు వందల దాకా వచ్చినట్టే" అన్నారు. జన్మలో ముట్టని కార్న్‌ఫ్లేక్స్ కూడా తిన్నారు. అద్దం అవతల రోడ్డు మీద ఒక బండి దగ్గర ఎవరో నిలబడి పొగలు కక్కుతున్న దోశ తింటున్నారు. మూసిన ఏసీ గదిలోకి వాసన రాదంటారు. నాకు వచ్చింది.

తర్వాత ఐదు నిమిషాలని చెప్పి పడుకున్నారు. పదకొండింటికి మీ తమ్ముడు చెక్‌అవుట్ ఫోన్ చేసి లేపాడు. ప్రతాపరుద్రుడి నుంచి ఈ ఊరిని ఖాళీ చేయించుకోవడానికి 1323లో ఢిల్లీ సైన్యం నెలల తరబడి ముట్టడి వేయాల్సి వచ్చింది. మమ్మల్ని ఖాళీ చేయించడానికి మీవాళ్ళకు రెండు ఫోన్లు చాలాయి.

వేయి స్తంభాల గుడికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. చెప్పులు విడిచిన చోట ఉన్న పెద్దాయన మా కాళ్ళ వంక చూసి, "గిప్పుడొచ్చిండ్రేంది మేడం? పొద్దుగాల రావాలె, నేల సల్లగుంటది" అన్నాడు. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు. ఆ పూట మాకు దర్శనమిచ్చింది మాత్రం సూర్యుడొక్కడే. బండల మీద కాలు మోపలేక నీడ నుంచి నీడకు గంతులేశాం. కళ్యాణ మండపాన్ని 2006లో రాయి రాయీ విప్పి, మళ్ళీ పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు. పద్ధెనిమిదేళ్ళ పనికి మేం ఇచ్చింది ఒక ఫోటో, అదీ కళ్ళు చికిలించుకుని. మా ఆయన నంది పక్కన కాస్త నీడ చూసుకుని, కాళ్ళు ముడుచుకుని కూలబడ్డారు. ఇద్దరిదీ ఒకటే భంగిమ. నంది మాత్రం కళ్ళు తెరిచే ఉంది.

భద్రకాళి చెరువును కారు అద్దంలోంచి చూశాం.

రామప్పకు చేరేసరికి సాయంత్రం. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళ మీద తేలేంత తేలిక అని గైడు ఎవరికో చెబుతుంటే మీ వడ గుర్తొచ్చింది. సాంబారులో వేయగానే నేరుగా అడుక్కి పోయింది. మీ వంటవాణ్ణి ఒకసారి ఆ గుడి ఉన్న పాలంపేట పంపండి. 2021లో యునెస్కో వాళ్ళు కూడా మెచ్చిన పనితనం, నేర్చుకోవడంలో తప్పులేదు.

ఇంతకీ ఈ లేఖ ఎందుకంటే, వచ్చే శీతాకాలం మళ్ళీ హన్మకొండ వస్తున్నాం. ఈసారి రూం బుక్ చేసేది నేను. ఆరింటికి గుడి దగ్గర ఉంటాను, నేల చల్లగా ఉండగానే. మీరు ఎదురు చూడకండి.

ఇట్లు,
600 రూపాయల ఫ్రీ టిఫిన్ తిన్నవారి భార్య

తా.క.: బాకీ పూర్తిగా రాలేదని మా ఆయన మీ దగ్గర రెండు అరటిపండ్లు టిష్యూలో చుట్టి నా బ్యాగులో వేశారు. రామప్పలో ఒకటి కోతి తీసుకుపోయింది. రెండోది భద్రాచలంలో దొరికింది, నా పట్టుచీర మడతల్లో. డ్రైక్లీనింగ్‌కు 350 అయింది. బిల్లు జతపరిచాను.