పని లేని బల్ల

ఇంట్లో ఉన్న ప్రతి బల్లకూ ఒక ఉద్యోగం ఉంటుంది. భోజనాల బల్ల అన్నం మోస్తుంది. రాతబల్ల మనం చదవని పుస్తకాలను మోస్తుంది. టీపాయి కాఫీ గ్లాసులను, ఎవరూ చూడనప్పుడు మన కాళ్లను మోస్తుంది. ఏ పనీ చేయకూడదన్న నిబంధన మీద ఇంట్లో చేరే బల్ల ఒక్కటే. గుమ్మం దగ్గర గోడకు ఆనించి పెట్టే సన్నబల్ల, దాని పేరు కన్సోల్ టేబుల్. జీతం మాత్రం మిగతా మూడింటి కన్నా దానికే ఎక్కువ.

తిరుపతి అభివృద్ధిని కొలవడానికి ఇకపై ఈ బల్లనే కొలమానంగా తీసుకోవాలని నా ప్రతిపాదన. ఒకప్పుడు కొత్తగా కొన్న ఫ్రిజ్జును వంటింట్లో కాకుండా హాల్లో పెట్టేవాళ్లం, వచ్చినవాళ్ల కంట పడాలని. అప్పుడు మనం పేదవాళ్లం కాబట్టి పనికొచ్చే వస్తువును చూపించుకున్నాం. ఇప్పుడు 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు గల ఖాళీ జాగాను వాయిదాల మీద కొని గుమ్మం ఎదుట నిలబెడుతున్నాం. ఇంతకు మించిన ప్రగతి నాకైతే కనిపించడం లేదు.

మా ఇంటికి ఇది ఎలా వచ్చిందో చెబుతాను. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక దుకాణానికి చెప్పుల స్టాండు కొనడానికి వెళ్లాం. అక్కడి కుర్రవాడు చెప్పుల స్టాండు అన్న మాట వినగానే, పెళ్లిచూపుల్లో అమ్మాయి బరువు అడిగినంత ఇబ్బందిపడి, మమ్మల్ని మెల్లగా మేడ మీదికి తీసుకెళ్లాడు.

"ఇది గుమ్మం దగ్గర ఉంటే ఇంటి వ్యక్తిత్వం తెలుస్తుంది సార్."

"దీని మీద ఏం పెట్టాలి?"

"ఏమీ పెట్టకూడదు సార్. తప్పదనుకుంటే మూడు వస్తువులు."

"సొరుగు లేదా?"

"సొరుగు ఉంటే సన్నదనం పోతుంది సార్."

తర్వాత ధర చెప్పాడు. సన్నబడింది నేను.

వ్యాసం రాసేవాడు చరిత్ర చదవాలి కాబట్టి చదివాను. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి పైనున్న బరువును మోసే దిమ్మెను ఫ్రెంచివారు కన్సోల్ అంటారు. 17వ శతాబ్దం చివరి నుంచి 18వ శతాబ్దం దాకా వాళ్ల రాజభవనాల్లో ఈ బల్ల ఒక వెలుగు వెలిగింది. పాలరాతి పలక, బంగారు పూత, ముందు వైపు మాత్రమే కాళ్లు. వెనక భాగాన్ని గోడకు బిగించేవారు. రెండు కిటికీల నడుమ నిలువుటద్దం, దాని కింద ఈ బల్ల, బల్ల మీద కొవ్వొత్తులు. అద్దం పుణ్యమా అని ఒక కొవ్వొత్తి రెండుగా వెలిగేది. వెనక ఒక గోడ పట్టుకుంటే తప్ప నిలబడలేని ఈ తత్వాన్ని తిరుపతివాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. సిఫార్సు లేఖ లేకపోతే కొండ మీద నిలబడలేని పెద్దమనుషులను మేం రోజూ చూస్తూనే ఉన్నాం.

ఇంత చదివాక నాకు మా తాతగారి ఇంటి గూడు గుర్తొచ్చింది. వీధి తలుపు పక్కన మట్టిగోడలో జానెడు లోతున ఉండేది. సాయంత్రం దీపం అందులోనే. తాళంచెవి, రేషన్ కార్డు, ముక్కుపొడి డబ్బా, ఎవరో ఇచ్చిన శుభలేఖ, అన్నీ అందులోనే. పైన దీపపు మసి నల్లగా అంటుకుని ఉండేది. అదే దాని అలంకరణ. ఆలోచిస్తే రెండూ ఒకటే. మన గూడు గోడ లోపలికి పోయింది, వాళ్ల గూడు గోడ బయటికి వచ్చింది. లోపలికి పోయినదానికి కాణీ ఖర్చు లేదు, ఎవరి మోకాలికీ తగలదు. మేం ఆ గూళ్లన్నీ పూడ్చి, సున్నం కొట్టి, వాటి ముందు బల్లలు కొనుక్కున్నాం.

మోకాలంటే గుర్తొచ్చింది. మా నడవా వెడల్పు 42 అంగుళాలు. అందులోంచి బల్ల 14 తీసుకుంది. మిగిలిన 28 అంగుళాల్లో ఒంటరి మనిషి హాయిగా నడవగలడు. కానీ తిరుపతి ఇంటికి ఒంటరి మనిషి వచ్చిన దాఖలా ఉందా? వచ్చేవాళ్లు జట్లుగా వస్తారు, భుజాన సంచి, చేతిలో పెట్టె, చంకలో పిల్లవాడు. ఇప్పుడు వాళ్లంతా ఒకరి వెనక ఒకరు పక్కకు తిరిగి లోపలికి వస్తున్నారు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌కు ఇక్కడే అలవాటు పడిపోతున్నారని మా ఆవిడ సంతోషం.

అలంకరణ శాస్త్రం సంగతికి వస్తాను. దీనికి నియమాలున్నాయి, నవ్వకండి. వస్తువులు బేసి సంఖ్యలో ఉండాలి. ఎత్తులు వేరువేరుగా ఉండాలి. పైన పెట్టే అద్దం బల్ల పొడవులో మూడింట రెండు వంతులు ఉండాలి, బల్లకూ అద్దానికీ మధ్య జానెడుకు మించి ఎడం ఉండకూడదు. మా ఆవిడ వారం రోజులు వీడియోలు చూసి ఒక పొడవాటి దీపం, ఒక పూలకూజా, తాళాలకు ఒక చిన్న ఇత్తడి పళ్లెం పెట్టింది. నిజం చెప్పొద్దూ, బాగుంది. ఆ రోజు సాయంత్రం దాకా బాగుంది.

సాయంత్రం తిరుచానూరు నుంచి అమ్మ వచ్చింది. తాంబూలంలో ఇచ్చిన రెండు అరటిపండ్లు ఖాళీగా కనిపించిన జాగాలో పెట్టింది. మొత్తం అయిదు వస్తువులు, బేసి సంఖ్యే. అయినా మా ఆవిడ, "అత్తయ్యా, అవి రెండూ కలిసి ఒకటిగా కనిపిస్తున్నాయి. అలా చూస్తే నాలుగవుతాయి. ఒకటి తీసేయమంటారా?" అంది. తాంబూలంలో ఒంటి అరటిపండు ఏమిటని అమ్మ నిర్ఘాంతపోయింది. ఫ్రెంచి రాజులకు, తిరుచానూరు తాంబూలానికి మధ్య జరిగిన ఈ చర్చలో నేను రెండో పండు తిని మధ్యేమార్గం చూపబోయాను. ఇద్దరూ ఏకమై నన్ను తిట్టారు.

అద్దం కథ వేరు. ఫ్రెంచి రాజుల వెర్సాయి భవనంలో 1684 నాటికి పూర్తయిన అద్దాల మందిరంలో 357 అద్దాలున్నాయి. మా నడవాలో ఉన్నది ఒక్కటే. కానీ దానికి పడే పని ఆ 357కు ఎన్నడూ పడి ఉండదు. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినవాడు ఆ హడావుడిలో తల తడుముకోగలడే తప్ప తీరిగ్గా చూసుకోలేడు. కొండ దిగి మా ఇంటికి వచ్చి, తలుపు తీయగానే ఎదురుగా తన గుండు తనకే కనిపిస్తుంది. అక్కడ ఆగిపోతాడు. కుడివైపు తిరుగుతాడు. ఎడమవైపు తిరుగుతాడు. తన చెవులు ఇంత పెద్దవా అని యాభై ఏళ్లకు మొదటిసారి ఆశ్చర్యపోతాడు. వెనక మిగతా జట్టంతా మెట్ల మీద ఎదురుచూస్తూ ఉంటుంది. మొన్న ఒక రెండేళ్ల పిల్లవాడు అద్దంలో కొత్త మనిషిని చూసి హడలిపోయి, పక్కనే అచ్చం అలాగే ఉన్న తండ్రిని చూసి ఇంకా గట్టిగా ఏడ్చాడు. గుండుకు రాసిన గంధం అద్దానికి, అద్దం నుంచి బల్లకు, బల్ల నుంచి గోడకు పాకింది. ఆ గోడకు వేసిన రంగుకు దుకాణంవాడు గంధం రంగు అనే పేరు చెప్పాడు. ఇప్పుడు ఆ పేరు నిజమైంది.

గుమ్మానికి ఎదురుగా అద్దం ఉంటే వచ్చిన లక్ష్మి వచ్చినట్టే వెనక్కి పోతుందని మా మామగారు వాస్తు చెప్పారు. బల్ల ధర కట్టిన రోజే వెళ్లిపోయిందండీ, ఇది ఆమె వీపు మాత్రమే అన్నాను.

బల్ల మీద పరచడానికి శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ తెచ్చాం. కరక్కాయ, పాలు పట్టించి, కలంతో గీసి తయారుచేసే ఆ పనికి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేం తెచ్చింది సుందరకాండ. సన్నబల్ల కాబట్టి లంక పైన వచ్చింది, హనుమంతుడి తోక కిందికి వేలాడింది, సీతమ్మ మీద పూలకూజా వచ్చింది. అది చూసిన అమ్మ పూలకూజా తీసేసి, గుడ్డకు కుంకుమబొట్టు పెట్టి రెండు మందార పూలు ఉంచింది. దేవుడి బొమ్మ ఉన్నచోట తాళాలు పెట్టకూడదని తేల్చింది. మూడు రోజులు మా ఇంటి తాళాలకు దిక్కులేకపోయింది. గుడ్డ పూజగదికి వెళ్లాక గానీ సమస్య తీరలేదు.

అప్పటికి బల్ల దిగంబరమైంది. దాని మీదే ఎవరో కల్యాణోత్సవం లడ్డును కాగితం సంచిలో పెట్టి రెండు పూటలు మరిచిపోయారు. సంచి తీశాక మెరుగు వేసిన చెక్క మీద నిండు చందమామలా ఒక నేతి మచ్చ తేలింది. మా ఆవిడ మాట్లాడలేదు. 2009లో లడ్డుకు వచ్చిన భౌగోళిక గుర్తింపు దాని మచ్చకూ వర్తిస్తుందని, కాబట్టి మనది ఇప్పుడు అరుదైన బల్ల అని ఓదార్చడానికి ప్రయత్నించాను. ఇంగ్లీషులో కన్సోల్ అంటే ఓదార్చడమే కదా. ఆవిడ ఓదారలేదు.

మా ఊరి గంగమ్మ జాతరలో భక్తులు రోజుకో వేషం వేస్తారు. ముందు బైరాగి వేషం, ఆ తర్వాతే దొర వేషం. మా బల్లది తలకిందుల జాతర. దొర వేషంలో ఇంటికి వచ్చి బైరాగి అయింది.

పెరటాసి శనివారం వచ్చింది, తమిళుల పెరటాసి నెలలో వెంకన్నకు ప్రత్యేకమైన రోజు. తిరుపతిలో ఇల్లున్నవాడికి ఈ రెండు పదాల బరువు తెలుసు. పలమనేరు నుంచి ఒక జట్టు, వేలూరు నుంచి ఒక జట్టు, మొత్తం 11 మంది శుక్రవారం రాత్రే దిగారు. గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. కొండ మీద వాటిని అప్పగించే కౌంటర్లు ఉన్నాయి గానీ, తిరిగి తీసుకోవడానికి మళ్లీ వరుసలో నిలబడటం ఎవరికీ ఇష్టం లేదు. "ఇక్కడే పెట్టి పోండి, నేను చూసుకుంటాను" అంది అమ్మ. దీపం ప్లగ్గు పీకి, అక్కడ ఆరు సాకెట్ల పెట్టె తగిలించింది. ఇత్తడి పళ్లెంలో బంధువుల ఉంగరాలు, గడియారాలు చేరాయి. పాత క్యాలెండర్ కాగితాలను చించి, అంకెలు వేసి, ఒక ముక్క ఫోను కింద, ఒక ముక్క మనిషి చేతిలో పెట్టింది. స్టూలు తెచ్చుకుని బల్ల వెనకాల కూర్చోబోయింది. వెనకాల గోడ ఉంది కాబట్టి పక్కన కూర్చుంది.

ఆ బల్ల ఎత్తు 30 అంగుళాలు. స్టూలు మీద కూర్చున్న అమ్మ మోచేతికి అది కొలిచి చేసినట్టు సరిపోయింది. ఆ ఎత్తు ఎందుకు పెట్టారో నాకు అప్పటిదాకా అర్థం కాలేదు. తాళంచెవులు ఒకవైపు, హెల్మెట్లు కింద, ఫోన్లు వరుసగా. చెప్పుల స్టాండు కొనలేదు కాబట్టి చెప్పులు కూడా దాని కాళ్ల మధ్యే. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత వెళ్లి అమ్మకు కాఫీ తెచ్చి, గ్లాసును నేతి మచ్చ మీద సరిగ్గా కుదిరేలా పెట్టింది.

తెల్లవారుజామున జట్లు బయలుదేరాయి. ఆరు గంటలకు ఆఫీసు నుంచి ఫోను వస్తుందని లేచాను. నా ఫోను కూడా ఆ వరుసలోనే చార్జింగులో ఉంది, ఏడో నంబరు కాగితం మీద. తీసుకోబోయాను.

అమ్మ కళ్లద్దాలు సవరించుకుని చెయ్యి చాచింది.

"టోకెన్ ఏదిరా?"