ఇటాలియన్ మాస్టారు దండగేనా?

2023లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం బడ్జెట్ లోటు పేరు చెప్పి ప్రపంచ భాషల విభాగాన్ని దాదాపు ఊడ్చేసిన సంగతి చదివే ఉంటారు. డిగ్రీ కోర్సులు తీసేశారు, మాస్టార్లలో ఎక్కువమందిని ఇంటికి పంపేశారు. ఫోన్‌లోనే అనువాదం వచ్చేస్తున్న రోజుల్లో ఇటాలియన్, ఫ్రెంచ్ చదివి ఏం చేస్తారు, మంచి పనే చేశారు అన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. నాకు మాత్రం మనోంగా గుర్తొచ్చింది.

మనోంగా ఆ యూనివర్సిటీకి కారులో గంట కూడా పట్టని బొగ్గు గనుల ఊరు. 1907 డిసెంబర్ 6న అక్కడి గనుల్లో జరిగిన పేలుడులో అధికారిక లెక్క ప్రకారమే 362 మంది చనిపోయారు. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువే అంటారు, ఎందుకంటే జీతాల పుస్తకంలో పేరు లేని కొడుకుల్ని, సాయగాళ్లని వెంటబెట్టుకుని గనిలోకి దిగడం అప్పట్లో మామూలు. అమెరికా గనుల చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు. చనిపోయినవాళ్లలో దాదాపు సగం మంది ఇటలీవాళ్లు, మొలీసె, కలాబ్రియా కొండ ఊళ్ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. మరి వాళ్ల తాలూకు ఉత్తరాలు, చర్చి పుస్తకాలు, సంఘాల లెక్కలు చదవాలంటే ఏ భాష కావాలి? అదీ పుస్తకాల ఇటాలియన్ సరిపోదు, సగం యాస, సగం తప్పులు, మధ్యలో ఇంగ్లిష్‌ని వంకర తిప్పిన మాటలు. పక్కనే ఉన్న యూనివర్సిటీకి ఆ పని దండగ అనిపించింది.

ఆ భాష చదవగలిగే మాస్టారు ఒకరుంటే ఏమవుతుందో చెప్పడానికి చరిత్రకారుడు రుడాల్ఫ్ వెకోలి చాలు. 1927లో కనెటికట్‌లో, ఇటలీ నుంచి వలస వచ్చిన ఇంట్లో పుట్టారు. ఆయన చదువుకునే రోజుల్లో వలసల మీద హార్వర్డ్ పండితుడు ఆస్కార్ హాండ్లిన్ రాసిందే వేదం. 1951లో వచ్చిన 'ది అప్‌రూటెడ్' పుస్తకానికి మరుసటి ఏడాదే పులిట్జర్ కూడా వచ్చింది. ఐరోపా రైతు అంటే కలిసిమెలిసి బతికే పల్లె మనిషి, వేళ్లతో సహా పెకిలించి అమెరికాలో పడేస్తే చెదిరిపోయాడు అనేది దాని సారాంశం. వినడానికి ఎంత బాగుందో! కన్నీళ్లు కూడా వస్తాయి. వెకోలి చికాగో ఇటాలియన్ల మీద పీహెచ్‌డీ చేసి, 1964లో ఒకే ఒక్క వ్యాసంతో ఆ బొమ్మని పడగొట్టారు.

ఆయన చెప్పింది ఇది. దక్షిణ ఇటలీ రైతుకూలీ హాండ్లిన్ ఊహించిన పచ్చని పల్లెలో ఎప్పుడూ లేడు. కొండ మీద ఇరుకు పట్టణంలో ఉంటూ, రోజూ మైళ్లు నడిచి ఎవరిదో పొలంలో పని చేసొచ్చేవాడు. పొలం మీద ప్రేమ లేదు, దాన్నుంచి ఎప్పుడు బయటపడతానా అని చూసేవాడు. కుటుంబం, ఆ తర్వాత సొంత ఊరు, అంతే అతని లోకం. దీనికి వాళ్ల దగ్గర 'కాంపనిలిస్మో' అనే మాట ఉంది, ఊరి చర్చి గంట వినిపించేంత మేరే మనది అని. అదే లోకాన్ని చికాగోకి మోసుకొచ్చాడు. ఒక ఊరివాళ్లు ఒకే వీధిలో ఇళ్లు తీసుకున్నారు, ఊరి దేవుడి ఊరేగింపు అక్కడా జరిపారు. పెకిలించింది ఎక్కడ, చెదిరింది ఎక్కడ? ఇది తెలియాలంటే ఆ కాగితాలు చదవగలగాలి, ఆ మనుషుల మాట అర్థం కావాలి. హాండ్లిన్‌కి ఊహాశక్తి ఉంది, వచనం ఉంది. వెకోలికి వాళ్ల భాష ఉంది, నా లెక్కలో అదే గెలిచింది.

ఆయన అక్కడితో ఆగలేదు. 1967లో మిన్నెసోటా వెళ్లి అక్కడి వలస చరిత్ర పరిశోధన కేంద్రాన్ని దాదాపు నాలుగు దశాబ్దాలు నడిపారు. ఇటాలియన్లవే కాదు, ఫిన్లాండ్, పోలండ్, ఉక్రెయిన్‌ల నుంచి వచ్చినవాళ్లవి, ఇంకా ఎంతోమంది కాగితాలు పోగేశారు, ఎవరూ దాచుకోని సంఘాల మినిట్స్ పుస్తకాలు, మూతబడిన పత్రికలు, అటక మీది పెట్టెలు. ఇప్పుడవి మిసిసిపీ గట్టు రాతిలో తొలిచిన గుహల్లాంటి గదుల్లో భద్రంగా ఉన్నాయి.

2005లో ఆయన తర్వాత ఆ కుర్చీలోకొచ్చిన డోనా గబాచా ఇంకో అడుగు వేశారు. 1876 నుంచి వందేళ్లలో ఇటలీ వదిలి వెళ్లినవాళ్లు దాదాపు 2 కోట్ల 60 లక్షలు, అందులో అమెరికా వెళ్లినవాళ్ల కంటే పక్కనున్న ఐరోపా దేశాలకు పోయినవాళ్లే ఎక్కువ, వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చేశారు కూడా. కాబట్టి ఓడ దిగినచోట నిలబడి చూస్తే కథ సగమే కనిపిస్తుంది. మిగతా సగం ఇంటి దగ్గరుంది. భర్త పరదేశంలో ఉన్న ఆడవాళ్లని అక్కడ 'తెల్ల విధవలు' అనేవారు, ఎంత దారుణమైన మాట! పెద్దమనుషులందరూ వాళ్ల శీలం గురించి తెగ టెన్షన్ పడ్డారు. సిసిలీ దీవి మీద పరిశోధన చేసినవాళ్లు చూస్తే అసలు సంగతి వేరు, వచ్చిన డబ్బుతో ఆ ఆడవాళ్లు ఇళ్లు కొన్నారు, ఉత్తరం ఇంకొకరితో చదివించుకోవడం ఇష్టంలేక అక్షరాలు నేర్చుకున్నారు.

దండగ అనేవాళ్లకి వాళ్ల లెక్క ఉంది, కాదనను. అమెరికా కాలేజీల్లో ఇంగ్లిష్ కాని భాషల క్లాసుల్లో చేరేవాళ్లు 2016, 2021 మధ్య 16.6 శాతం తగ్గారు. ఐదుగురు పిల్లలకి ఒక ప్రొఫెసర్ అంటే ఏ యాజమాన్యమైనా గింజుకుంటుంది. కానీ ఆ మాస్టారి పనిని క్లాసులో తలలు లెక్కపెట్టి తూచడమే తప్పు. వెకోలి దగ్గర ఇటాలియన్ల చరిత్ర నేర్చుకున్నవాళ్లు ఎందరైతే ఏం, ఆయన లేకపోతే ఆ అటక మీది పెట్టెలు చెత్తకుప్పలో ఉండేవి.

ఇక మన దగ్గరికొద్దాం, అసలు ఇదంతా అందుకే మొదలుపెట్టాను. తెలుగుని 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నారని ప్రతి సభలో ఛాతీ విరుచుకుంటాం, మాటలు అచ్చుతో ముగుస్తాయట! సరే, ఇటాలియన్లలో చూడాల్సింది ఆ అచ్చులేనా? వలసలు మనకీ ఉన్నాయి. బర్మాలోని రంగూన్‌ని ఉత్తరాంధ్రలో రంగం అనేవారు. కూలికి రంగం వెళ్లని కుటుంబం లేని ఊళ్లు ఉండేవి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల బదులు బర్మావాళ్లని దించారు, సమ్మె తీరాక ఆ బర్మావాళ్లని పొమ్మన్నారు, దానిమీద రేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాన్ దాడికి వేలమంది అడవుల్లో పడి నడిచొచ్చారు. వాళ్ల ఉత్తరాలు ఎక్కడున్నాయి? ఏ యూనివర్సిటీలో ఏ గదిలో?

అమెరికా తెలుగు సంఘాలకి డబ్బుకి కొదవ లేదు. 1977 నుంచీ మహాసభలు జరుగుతున్నాయి, సినిమా తారలు వస్తారు, వందల వంటకాలుంటాయి. అందులో ఒక్క పూట ఖర్చుతో ఒక పరిశోధకుణ్ణి ఏడాది పాటు బర్మాకో, మారిషస్‌కో పంపొచ్చని నా గట్టి నమ్మకం. ఆ సంఘాల మొదటి మినిట్స్ పుస్తకాలైనా ఎవరి గరాజ్‌లో ఉన్నాయో కనుక్కోండి ముందు.

తెలంగాణలో 'బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి' అంటారు, మూడు తరాల వలస ఆ మూడు మాటల్లో ఉంది. చదువు రాని గల్ఫ్ కూలీలు ఒకప్పుడు ఉత్తరం బదులు క్యాసెట్‌లో మాట్లాడి ఊరెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఇంటి దగ్గర భార్య విని, అదే క్యాసెట్ వెనక వైపు తను మాట్లాడి తిప్పి పంపేది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో అవి ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉన్నాయి, ఇనప్పెట్టెల్లో, పాత చీరల కింద. టేపుకి బూజు పడుతోంది. విందామంటే ఊళ్లో టేప్‌రికార్డర్ ఉన్న ఇల్లు దొరకడం లేదు.