బాణం చూపిందే దారి

నిన్న రాత్రి తిరుపతిలో, మా ఇంట్లో, తమ్ముడు కొత్త సాహస గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. తెర మీద కొండలు, వాగులు, పాడుబడిన కోట. వాడి కళ్లు మాత్రం పైనున్న చిన్న పసుపు బాణం మీదే. ఊరిపెద్ద ఏదో చెప్పబోతే బటన్ నొక్కి దాటేశాడు. "ఏం చెప్పాడురా?" అని అడిగితే "తెలియదన్నా, బాణం చూపిస్తుంది కదా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు వాడిది కాదు, అలా ఆడేటట్టు తయారుచేసినవాళ్లది.

2002లో వచ్చిన మారోవిండ్ అనే గేములో ఈ బాణం లేదు. బాల్మోరా అనే ఊరికి వెళ్లి, సౌత్ వాల్ అనే పానశాలలో కైయస్ కొసాడెస్ అనే మనిషి గురించి అడగమని కాగితం మీద ఉంటుంది, అంతే. మిగతాది నలుగురినీ అడిగి తెలుసుకోవాలి. దారి తప్పితే ఏ గుహో, ఏ పాత సమాధో ఎదురయ్యేది. ఆ తప్పడంలోనే సగం ఆనందం ఉండేది. 2006లో దాని తర్వాతి గేము ఆబ్లివియన్, వెళ్లాల్సిన చోటు చూపించే గుర్తును తెర మీది దిక్సూచిలో పెట్టింది. ఆ తర్వాత ఎన్ని గేములు అదే బాట పట్టాయో!

అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం వైపు తలెత్తకుండా ఫోన్లో చుక్కను చూస్తూ నడుస్తామా?

కావాలంటే గుర్తును ఆపేసుకోవచ్చు అంటారు. ఆపి చూశాను. అడుగు ముందుకు పడలేదు. "ఫలానావాడిని కలువు" అంటారు, వాడు ఏటి పక్కన ఉన్నాడో, కొండ వెనక ఉన్నాడో గేములో ఒక్క పాత్ర నోటా చెప్పించరు. అంత లోకాన్ని చెక్కినవాళ్లకు నాలుగు మాటల్లో దారి రాయడానికి చేతులు రాలేదా?